వానలో తకయామ పండగ: ఒక ఫొటో టూర్ కేస్ స్టడీ

ఏటా శరదృతువులో ఒక చిన్న బృందాన్ని జపాన్ తీసుకెళ్తాను. అక్కడి పండగలు చూపించడం, వాటిని ఫొటో తీయడం నేర్పడం నా పని. ఈ కేసు ఆ ప్రయాణాల్లో ఒకదానిది. ఏ సంవత్సరమో చెప్పడం లేదు. మనుషుల ఊళ్ళు, ఉద్యోగాలు కొంచెం మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఆ రెండు రోజుల్లో నేను చేసిన పొరపాటు ఈ పనిలో ఉన్న మరొకరు చేయకూడదని నా కోరిక.

నేపథ్యం

బృందంలో ఏడుగురు. పిల్లల డాక్టరుగారు ఒకావిడ, బస్సు డిపోలో మెకానికల్ ఇంజినీరుగా పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు, అమెరికా నుంచి వచ్చిన దంపతులు, హైదరాబాద్ ఐటీ కుర్రాళ్ళు ముగ్గురు. నాతోపాటు జపనీస్ గైడు ఒకరు. అక్టోబరు 7 నుంచి 23 దాకా టూరు.

శరదృతువులో జపాన్ అనగానే మనవాళ్ళ కళ్ళ ముందు మెదిలేవి ఎర్రటి మేపుల్ ఆకులు. కానీ క్యోటోలో ఆ ఆకులు ఎర్రబడేసరికి నవంబరు రెండో సగం వస్తుంది. నేను చూపించాలనుకున్న పండగలేమో అక్టోబరులో. రెండూ ఒక టూరులో ఇమడవు. నేను పండగల వైపే మొగ్గాను. ఆకుల ఫొటో ఎవరైనా సొంతంగా వెళ్ళి తీసుకోగలరు. పండగ అలా కాదు, భాష తెలిసిన తోడు లేకపోతే గుంపు అంచున నిలబడి చూసి రావడమే అవుతుంది. ఆకుల మీద మనసున్నవాళ్ళ కోసం షిన్‌హొతక రోప్‌వేకి ఒక రోజు పెట్టాను. కొండ మీద ఎత్తులో రంగు ముందే దిగుతుంది.

టూరుకి గుండెకాయ మాత్రం తకయామ. గిఫు ప్రాంతంలో కొండల మధ్య ఉన్న పాత ఊరు. నగోయా నుంచి హిద ఎక్స్‌ప్రెస్‌లో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. ఈ ఊళ్ళో ఏడాదికి రెండు రథాల పండగలు జరుగుతాయి. వసంతంలో ఏప్రిల్ 14, 15న, శరత్తులో అక్టోబరు 9, 10న. వారం ఏదైనా తేదీలు మారవు. శరత్తు పండగ సకురయామ హచిమన్ ఆలయానిది, 11 రథాలు. వీటిని యతై అంటారు. నల్ల లక్క, బంగారు రేకు, చెక్కడపు పని, పాత పట్టు తెరలు. ఒక్కో రథం ఒక్కో పేటది. దాన్ని కాపాడే బాధ్యత కూడా ఆ పేటవాళ్ళదే. హిద అంటే ఈ ప్రాంతం పాత పేరు. హిద వడ్రంగులకు ఎంత పేరంటే, నారా కాలంలో (ఎనిమిదో శతాబ్దం) ఈ ప్రాంతం పన్నుకు బదులుగా రాజధాని కట్టడాల పనికి వడ్రంగుల్ని పంపేది. ఆ చేతిపని సంప్రదాయమంతా ఈ రథాల్లో కనిపిస్తుంది. 2016లో యునెస్కో గుర్తించిన 33 జపాన్ రథోత్సవాల్లో తకయామ కూడా ఉంది.

9వ తేదీ రాత్రి ఒక్కో రథానికి వంద దాకా లాంతర్లు కట్టి వీధుల్లో తిప్పుతారు. నా టూరు బ్రోచర్ అట్ట మీద ఉన్నది ఆ ఫొటోనే. ఏడుగురిలో ఐదుగురు దాన్ని చూసే డబ్బు కట్టామని తర్వాత చెప్పారు. బయల్దేరే ముందు జూమ్‌లో మూడు క్లాసులు పెట్టాను. తక్కువ వెలుతురులో షట్టర్ స్పీడ్ ఎంత ఉండాలి, కదిలే రథాన్ని ఎలా పట్టాలి, లాంతరు వెలుగుకి వైట్ బ్యాలెన్స్ (వెలుగు రంగుని సరిచేసే కెమెరా అమరిక) ఎలా పెట్టుకోవాలి, అన్నీ చెప్పాను. వాన గురించి నిబంధనల కాగితంలో ఒక్క వాక్యం ఉంది. అక్కడి మనుషులతో ఎలా మెలగాలో మూడు క్లాసుల్లోనూ ఒక్క మాట లేదు.

సమస్య

9వ తేదీ మధ్యాహ్నానికి చినుకులు మొదలయ్యాయి. యతైలు వానలోకి రావు. లక్కకి, బంగారానికి, పట్టుకి తడి తగిలితే బాగుచేయించడానికి ఏళ్ళు పట్టొచ్చు. అందుకే ఏ మాత్రం అనుమానం ఉన్నా పేట పెద్దలు రథాన్ని బయటికి తీయరు. సాయంత్రం నాలుగింటికి గైడు ఫోన్ చేసి రాత్రి ఊరేగింపు లేదని చెప్పింది.

బసలో చాపల గదిలో అందరం కూర్చున్నాం. డాక్టరుగారు అరవలేదు, గొంతు కూడా పెంచలేదు. "మూడేళ్ళుగా సెలవులు కూడబెట్టుకుని వచ్చానండీ ఈ ఒక్క రాత్రి కోసం" అన్నారు, అంతే. ఆ మాట నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఒక కుర్రాడు నిబంధనల కాగితం ఫోన్‌లో తెరిచి రీఫండ్ సంగతి చూస్తున్నాడు. అది అతని హక్కు. ఇంజినీరుగారు మాత్రం ఏమీ మాట్లాడకుండా కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు.

నా ముందు రెండు దారులున్నాయి. మర్నాడు వాన తగ్గుతుందేమో చూద్దామని ఆశపెట్టి రాత్రిని గడిపేయడం ఒకటి. ఈ టూరులో ఊరేగింపు ఇక దొరకదని ఇప్పుడే ఒప్పుకోవడం రెండోది. 10న కూడా వాన ఉంటుందని వాతావరణ సమాచారం చెబుతోంది. ఆశ పెట్టి మర్నాడు మళ్ళీ నిరాశపరిస్తే, ఆ తర్వాత నేను ఏం చెప్పినా ఎవరూ నమ్మరు. అందుకే ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. రీఫండ్ సంగతి టూరు చివర తేలుద్దాం, ముందు రేపటి పని చూద్దాం అన్నాను. ఆ నిర్ణయం సరైనదే. తప్పులు ఆ తర్వాత మొదలయ్యాయి.

మొదట చేసినవి

ఆ రాత్రే గొడుగులు పట్టుకుని పాత వీధులకి వెళ్ళాం. సన్నటి సందులు, చెక్క జాలీల ఇళ్ళు, తడి నేల మీద దీపాల నీడలు. వాన రాత్రి ఎవరైనా తీసే ఫొటోలు అవి. గంటలో అందరం తిరిగొచ్చేశాం. తెరల మీద చూసుకుంటే ఏడు కెమెరాల్లోనూ దాదాపు ఒకే ఫొటో. ఎర్ర గొడుగు, దాని కింద నీడ.

మర్నాడు పొద్దున తకయామ జిన్య చూపించాను. ఎడో కాలం, అంటే షోగున్లు పాలించిన రోజుల నాటి ప్రభుత్వ కార్యాలయం అది. లోపలి వెలుతురు చాలా బాగుంటుంది. కానీ ఎవరి మనసూ అక్కడ లేదు. పండగ కోసం వచ్చినవాళ్ళకి ఖాళీ గదులు చూపించి ఊరుకోమనడం కుదిరే పని కాదని నాకప్పుడు తెలిసొచ్చింది.

మూడోది నేను బాగా ఆలోచించే చేశాననుకున్నాను. వాన పడి రథాలు కదలనప్పుడు యతైగురల తలుపులు తెరిచి ఉంచుతారు, జనం వచ్చి చూడొచ్చు. యతైగుర అంటే రథం పెట్టే కొట్టం. మందపాటి సున్నపు గోడలు, రథమంత ఎత్తు తలుపులు. ఊరేగింపులో తలల మీదుగా దూరం నుంచి కనిపించే రథం ఇక్కడ పది అడుగుల్లో కదలకుండా నిలబడి ఉంటుంది. ఫొటోగ్రాఫర్లకి ఇంతకన్నా ఏం కావాలి అనుకుని ఏడుగురినీ ఒక కొట్టం ముందు దింపాను.

అయిదు నిమిషాల్లో పరిస్థితి చెయ్యి దాటిపోయింది. ఏడుగురూ వరసగా నిలబడ్డారు. మూడు ట్రైపాడ్‌ల కాళ్ళు వీధిలోకి చాపుకుని ఉన్నాయి. చిన్నబిడ్డని ఎత్తుకుని వచ్చిన ఒక స్థానిక కుటుంబం మా వెనక తడుస్తూ ఆగిపోయింది. ఈలోగా ఇంజినీరుగారు తాడు దాటి లోపలికెళ్ళి, ఒంగి, రథం చక్రం దగ్గరికి ఫోన్ పట్టారు.

లోపల కూర్చున్న పెద్దాయన లేచారు. అరవలేదు. రెండు చేతులూ గుండెల ముందు అడ్డంగా పెట్టి చూపించారు. వద్దు అని చెప్పడానికి అక్కడ అలా చూపిస్తారు. తర్వాత ఆ తాడుని ఇంకో రెండు అడుగులు ముందుకి జరిపి కట్టారు. మా వెనక నిలబడ్డ కుటుంబం కూడా ఆ రెండు అడుగుల దూరం నుంచే రథాన్ని చూసి వెళ్ళిపోయింది.

నేను వాళ్ళందరినీ బసకి తీసుకొచ్చేశాను.

ఎక్కడ తప్పింది

మొదట నాకు ఇంజినీరుగారి మీదే కోపం వచ్చింది. పెద్ద మనిషి, తాడు కనిపించలేదా అనుకున్నాను. కానీ గైడు నన్ను పక్కకి పిలిచి అడిగింది, "ఆయన ఏం తీయబోయారో మీరు అడిగారా?" అని. అడగలేదు. ఎవరూ తీయని క్లోజప్ కోసం ఆశపడ్డారని నాకు నేనే అనుకున్నాను.

అడిగితే ఆయన తన ఫోన్ చూపించారు. అందులో బంగారం లేదు, చెక్కడాలు లేవు. చక్రాల మధ్య, రథం కింద ఉన్న ఇంకో చిన్న చక్రం ఉంది. "ఇంత బరువు బండి ఆ సందు మలుపులో ఎలా తిరుగుతుందా అని నిన్నటి నుంచీ ఆలోచిస్తున్నా. స్టీరింగ్ లేదు, ముందు ఇరుసు తిరగదు. ఇది దించి దాని మీద తిప్పుతారనుకుంటా" అన్నారు. ఆయన అనుకున్నది నిజమే. దాన్ని మొదోషిగురుమ అంటారు. మలుపు దగ్గర ఆ అదనపు చక్రం దించి, ముందు చక్రాలు నేల మీద నుంచి లేచేలా చేసి, రథాన్ని దాని మీద తిప్పుతారు. ఈ విషయం నాకు తెలుసు. మూడు క్లాసుల్లో ఒక్కసారైనా చెప్పలేదు. ఫొటోకి పనికొచ్చే సంగతి కాదనుకున్నాను.

అప్పుడే నా తప్పు నాకు పూర్తిగా అర్థమైంది. నేను వాళ్ళకి రథాన్ని ఒక సబ్జెక్ట్‌గా చూపించాను. దాన్ని లాగేవాళ్ళు, తుడిచేవాళ్ళు, తరతరాలుగా దాచుకునేవాళ్ళు నా పాఠంలో లేరు. అలాంటప్పుడు తాడు అవతల ఉన్న మనిషి నా విద్యార్థులకి కనిపించకపోవడంలో వాళ్ళ తప్పేముంది?

తిరిగి వెళ్ళడం

ఇక ఏం చేయాలి? ఆ కొట్టం వదిలేసి ఇంకో పేటకి వెళ్ళొచ్చు. పది కొట్టాలు మిగిలే ఉన్నాయి. కానీ అలా వెళ్తే అక్కడా ఇదే జరిగేది. పైగా ఆ పెద్దాయన దృష్టిలో మన దేశం నుంచి వచ్చినవాళ్ళంటే అంతే అన్న మాట మిగిలిపోయేది. నేనొక్కణ్ణే వెళ్ళి క్షమాపణ చెప్పి రావొచ్చు. అప్పుడు బృందానికి దాని బరువు తెలియదు. మిఠాయి డబ్బా కొని తీసుకెళ్దామని ఒకరన్నారు. అది నాకు నచ్చలేదు. క్షమాపణతోపాటు బహుమతి ఇస్తే దాని వెనకే మళ్ళీ ఫొటో అడుగుతున్నట్టు ఉంటుంది.

చివరికి అందరం వెళ్ళాం, కెమెరాలు బసలోనే వదిలేసి. ఈ నిర్ణయానికి ఒక కుర్రాడు ఒప్పుకోలేదు. వెలుతురు పోతుంది సార్ అన్నాడు. అతను చెప్పిందీ నిజమే. అక్టోబరులో ఆ కొండల మధ్య సాయంత్రం తొందరగా దిగుతుంది. అయినా కెమెరా మెడలో వేలాడుతుండగా చెప్పే క్షమాపణని ఎవరు నమ్ముతారు?

ఇంజినీరుగారు ముందుకెళ్ళి చేతులు జోడించి, తల వంచి తెలుగులోనే చెప్పారు, గైడు అనువదించింది. పెద్దాయన కూడా తల వంచారు. మేం తాడుకి ఇవతల ఇరవై నిమిషాలు ఊరికే నిలబడ్డాం. జనం వస్తుంటే దారి ఇచ్చాం. అప్పుడు చూశాం అక్కడ జరుగుతున్న పని. తేమ గాలికి లక్క మీద సన్నటి మసక పడుతోంది. తెల్ల చేతి తొడుగులు వేసుకున్న ఒకాయన మెత్తటి గుడ్డతో అద్దుతున్నాడు. గట్టిగా రుద్దడు, పసిబిడ్డ మొహం తుడిచినట్టు అద్ది తీస్తాడు. డాక్టరుగారు మెల్లగా నాతో అన్నారు, "ఆయన చేతులు చూడండి. నేనిప్పటిదాకా రథాన్నే చూస్తున్నాను."

కాసేపటికి పెద్దాయనే గైడుని అడిగారట, ఈయన చక్రం ఎందుకు చూస్తున్నాడని. ఇంజినీరుగారు చెప్పడం మొదలుపెట్టారు. వాళ్ళ ఊళ్ళో గుడికి రథం ఉంది. మలుపుల దగ్గర చక్రాల కింద కర్ర మొద్దులు వేసి దిశ మారుస్తారు. ఆ మొద్దులు వేసే పని తరతరాలుగా వాళ్ళింటివాళ్ళది. ఒక్క క్షణం అటూ ఇటూ అయితే కాలు పోతుంది. తన ఫోన్‌లో ఉన్న రథోత్సవం వీడియో చూపించారు. పెద్దాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకుని ఆ వీడియో రెండుసార్లు చూశారు. తర్వాత తాడు పైకెత్తి ఆయన్ని లోపలికి రమ్మన్నారు. ఇద్దరూ చక్రం పక్కన గొంతుక్కూచుని చేతులతో మాట్లాడుకున్నారు. ఆ దృశ్యం నా దగ్గర ఫొటోగా లేదు. కెమెరాలన్నీ బసలో ఉన్నాయి.

ఫలించిన పద్ధతి

పెద్దాయన అనుమతితో కెమెరాలు తెచ్చుకున్నాం. ఈసారి నేను పెట్టిన పద్ధతి ఇది. ఇద్దరేసి చొప్పున వెళ్ళాలి. ఒక్కొక్కరికి ఒకే లెన్స్, 35 లేదా 50 మిల్లీమీటర్లది. ట్రైపాడ్ లేదు. ముందు పది నిమిషాలు కెమెరా సంచీలోనే ఉండాలి. మనిషిని తీయాలంటే "షషిన్ తొత్తెమో ఈదెస్క" అని అడగాలి. ఫొటో తీసుకోవచ్చా అని దాని అర్థం. జవాబు వచ్చేదాకా కెమెరా పైకెత్తకూడదు. ఇక అసలు పని: రథాన్ని తీయొద్దు, రథాన్ని చూసుకునే చేతుల్ని తీయండి.

ఇలా కట్టడి చేయడానికి కారణాలున్నాయి. పెద్ద జూమ్ ఉంటే మనిషికి దూరంగా ఉండిపోవడం తేలిక. 35 పెట్టుకుంటే దగ్గరికి వెళ్ళక తప్పదు, దగ్గరికి వెళ్ళాలంటే అడగక తప్పదు. ఇద్దరేసి ఎందుకంటే, ఏడుగురంటే గుంపు, ఒక్కరైతే బిడియం. ఇద్దరైతే ఒకరు మాట్లాడుతుంటే ఇంకొకరు చూస్తారు.

వాన వల్ల మాకు దొరికిన మేలు వెలుతురు. మబ్బు పట్టిన ఆకాశం, ఎత్తైన తలుపులు. కొట్టం మొత్తానికి ఒక పెద్ద కిటికీలోంచి వచ్చినట్టు మెత్తటి వెలుతురు పక్క నుంచి పడింది. రాత్రి లాంతర్లలో బంగారు రేకు పసుపు ముద్దలా కనిపిస్తుంది. ఇక్కడ ఆ రేకు మీద గీతలు, అరిగిన అంచులు, తర్వాత వేసిన అతుకులు వేరువేరుగా తెలిశాయి. సెట్టింగులు అడిగేవాళ్ళ కోసం: ఐఎస్‌వో 1600, అపర్చర్ ఎఫ్ 4, షట్టర్ 1/60, ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ తగ్గించి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలితే బంగారం బూడిద రంగుకి దిగిపోతోంది. మబ్బు సెట్టింగ్‌లో కదలకుండా పెట్టేశాం. నల్ల లక్కలో మన నీడే పడుతుంది కాబట్టి ఎదురుగా నిలబడకుండా పక్కకి జరగాలి. పోలరైజర్, అంటే మెరుపు తగ్గించే ఫిల్టరు, వాడి చూశాం. మెరుపు తగ్గింది గానీ అది తినేసే వెలుతురుకి 1/60 నిలబడలేదు. తీసేశాం. చలి వీధిలోంచి వెచ్చటి గదిలోకి వచ్చేటప్పుడు లెన్సు మసకబారకుండా కెమెరాని జిప్ కవర్లో పెట్టి లోపలికి తెచ్చుకోవడం కూడా ఆ రోజే అందరికీ అలవాటైంది.

ఆ మధ్యాహ్నం మొత్తానికి ఒక్కొక్కరు తీసినవి నలభై ఫొటోలు దాటలేదు. జిన్యలో ఒక్కో మనిషి మూడు వందలు కొట్టాడు. రాత్రి అందరం చూసుకున్నప్పుడు ఏడుగురివీ ఏడు రకాలుగా ఉన్నాయి. డాక్టరుగారు తెల్ల తొడుగులు తీశారు. వెలుతురు పోతుందన్న కుర్రాడు, రథానికి వీపు ఆనించి నిద్రపోతున్న ఒక పదేళ్ళ పిల్లాణ్ణి, వాళ్ళ నాన్నని అడిగి మరీ తీశాడు.

తర్వాత

అదే పద్ధతి క్యోటోలో కూడా నడిపాం. అక్టోబరు 22న జిదై మత్సురి. 794లో రాజధాని క్యోటోకి వచ్చిన రోజుకి గుర్తుగా 1895లో మొదలైన పండగ. సుమారు రెండు వేల మంది ఆయా కాలాల దుస్తుల్లో పాత రాజభవనం నుంచి హెయాన్ ఆలయానికి నడుస్తారు. మెయిజీ కాలంతో మొదలై వెనక్కి వెనక్కి వెళ్తుంది ఊరేగింపు. అంత పొడుగు ఊరేగింపులో అన్నీ తీయాలనుకుంటే చేతికి ఏమీ రాదు. ఒక్కొక్కరు ఒకే విషయం ఎంచుకోవాలన్నాను. ఇంజినీరుగారు గడ్డి చెప్పుల్నే తీశారు, మూడు గంటలపాటు. ఆ రాత్రే క్యోటో ఉత్తరాన కొండల్లో ఉన్న కురమలో కాగడాల పండగ కూడా ఉంటుంది. దాన్ని టూరులోంచి తీసేశాను. కొండ దారి ఇరుకు, రైలు కిక్కిరిసి ఉంటుంది, పోలీసులు జనాన్ని ఎక్కడా ఆగనివ్వరు. అలసిన ఏడుగురిని అక్కడికి తోసుకెళ్ళి మళ్ళీ ఒక తాడు దాటించే పరిస్థితి తెచ్చుకోదలచుకోలేదు.

క్యోటోలో గేషాల పేట గియోన్‌లో ప్రైవేటు సందుల దగ్గర ఆగి బోర్డులు చదివించాను. ఫొటోలు తీస్తే పది వేల యెన్‌లు కట్టాలని 2019 నుంచి అక్కడ రాసి ఉంది. గేయికో (క్యోటోలో గేషాలని ఇలా అంటారు), మైకో (ఆ కళ నేర్చుకుంటున్న అమ్మాయిలు) వెంటపడి కెమెరాలు మొహం మీద పెట్టేవాళ్ళతో విసిగిపోయిన ఊరు అది. 2024లో ఆ సందుల్లోకి పర్యాటకులు రావడమే వద్దన్నారు. తకయామలో మా కోసం రెండు అడుగులు ముందుకి జరిగిన తాడు, ఇదీ ఒకటే విషయం. మా వృత్తివాళ్ళం దీని గురించి మాట్లాడుకోవడం చాలా తక్కువ. అది నాకు బాధగా ఉంటుంది.

ఇప్పుడు నా మూడు క్లాసుల్లో మొదటి దాంట్లో కెమెరా ఉండదు. రథం ఎవరిది, ఎవరు తుడుస్తారు, ఎలా మలుపు తిరుగుతుంది, వాన వస్తే ఏం చేస్తారు, వాళ్ళని ఎలా పలకరించాలి, అంతా అందులోనే. బ్రోచర్ అట్ట మీద రాత్రి లాంతర్ల ఫొటో తీసేసి, అద్దే గుడ్డ పట్టుకున్న తెల్ల తొడుగుల ఫొటో పెట్టాను. డాక్టరుగారి అనుమతితో, ఆ పేటవాళ్ళకి ముందే చెప్పి. వాన వస్తే రథాలు కదలవని మొదటి పేజీలోనే పెద్ద అక్షరాల్లో రాశాను. ఆ మార్పు వల్ల కొంతమంది రావడం మానేశారు. రీఫండ్ అడిగిన కుర్రాడికి తకయామ రెండు రోజుల ఖర్చు తిరిగిచ్చాను. అట్ట మీద ఫొటో వేసి అమ్మింది నేను కాబట్టి ఇవ్వాల్సిందేనని అనుకున్నాను.

ప్రింట్లు వేయించి పేట సంఘానికి పోస్టులో పంపాం. ఇంజినీరుగారు వాటితోపాటు వాళ్ళ ఊరి రథం చక్రాల కింద వేసే మొద్దు కొలతలు గీసి పంపారు, సెంటీమీటర్లలో.

డాక్టరుగారికి మాత్రం ఆ రాత్రి లాంతర్లు చూడలేదన్న లోటు పోలేదు. వీడ్కోలు రోజున ఆవిడే చెప్పారు, ఫొటోలు బాగా వచ్చాయి, అయినా అది వేరు ఇది వేరు అని. నేను కాదనలేదు. ఏటా ఆగస్టులో ఆవిడ నుంచి ఒక మెసేజ్ వస్తుంది: ఈసారి అక్టోబరు 9 ఏ వారం పడిందండీ అని.